నొప్పి పోంగనే ఉరుకుడు రాదు

రాత్రి పది గంటలు. కొండాపూర్‌ల ఒక బిల్డింగు మీది టర్ఫ్. ఇటు ఐదుగురం, అటు ఐదుగురు. పొద్దంత ఏసీ రూముల కుర్చీకి అతుక్కున్న కాళ్లు. ఆఫీసు నుంచి సీదా వచ్చి, బూట్లు కట్టుకుని, వార్మప్ పేరు మీద నాలుగు పాస్‌లు కొట్టుకుని ఆటల దిగినం. గంట లెక్కన కిరాయి కడుతున్నం కదా, వార్మప్‌కు పది నిమిషాలు పోతే పైసలు పోయినట్టే అనిపిస్తది. ఇరవై నిమిషాలకు బాల్ నా ముంగట పడ్డది. పక్కకే డిఫెండర్. ఉన్న బలమంత పెట్టి ఉరికిన. నాలుగో అడుగుకో ఐదో అడుగుకో కుడి తొడ ఎనుక ఎవరో రాయితోని కొట్టినట్టయింది. తిరిగి చూస్తే ఎనుక ఎవరూ లేరు.

అది నా తప్పు కాదనుకున్నా ఫరవాలేదు. అసలు తప్పు పన్నెండు రోజుల తర్వాత చేసిన. అప్పటికి నొప్పి లేదు. నడుస్తున్న, మెట్లు ఎక్కుతున్న, బండి మీద ఆఫీసుకు పోతున్న. ఇంకేంది అనుకుని మల్ల అదే టర్ఫ్‌కు పోయిన. అదే కాలు, అదే జాగ, అదే చప్పుడు. మొదటిసారి పన్నెండు రోజులల్ల సక్కగైందనుకున్న కాలు రెండోసారి మూడు నెలలు గుంజింది.

ఈ ముచ్చట నా ఒక్కనిది కాదు. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల హాస్టళ్లల్ల ఉండుకుంట రాత్రిపూట టర్ఫ్‌ల మీద ఆడేటోళ్లల్ల మస్తుమంది మన ఊర్ల నుంచి వచ్చిన పోరగాండ్లే. ఊర్లె ఉన్నోళ్లేమో పొద్దుగాల ఐదింటికే లేచి స్కూలు గ్రౌండ్ల కానిస్టేబుల్ రన్నింగ్‌కు, అగ్నివీర్ రన్నింగ్‌కు తయారైతున్నరు. 2022 పోలీసు నోటిఫికేషన్‌ల మొగోళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకండ్లల్ల ఉరకాలె అని పెట్టిన్రు. ఆ ఒక్క పొద్దటి కోసం ఏడాది పొడుగూత కష్టపడెటోనికి తొడ ఎనుక కండ తెగిందంటే ఆట పోవుడు కాదు, నౌకరే చేజారొచ్చు. అందుకే దీని సంగతి జర ఇడమరిచి చెప్తున్న.

మన దిక్కు దీన్ని ‘నరం పట్టింది’ అంటరు. పట్టేది నరం కాదు, కండ. కూసున్నప్పుడు పీటకు ఆనే బొక్క ఉంటది చూడు, అక్కడి నుంచి మొదలై మోకాలు దాటి కిందికి పోయే మూడు కండలు ఉంటయి. మూడింటిని కలిపి హ్యామ్‌స్ట్రింగ్ అంటరు. ఫుట్‌బాలోళ్లకు ఎక్కువగా దెబ్బతినేది బయటి దిక్కు ఉండే బైసెప్స్ ఫెమోరిస్ అనే కండ. మోకాలు ముడుచుడు, తుంటిని ఎనుకకు నూకుడు వీటి పని. కానీ ఇవి తెగేది ఆ పని చేస్తున్నప్పుడు కాదు.

బాయిల నుంచి నిండు బొక్కెన పైకి చేదుడు ఒక తీరు బలం. నిండు బొక్కెనను మెల్లగ కిందికి ఇడుసుడు ఇంకో తీరు బలం. ఇడిచేటప్పుడు చేంతాడు చేతులకెల్లి జారుతనే ఉండాలె, పట్టు మాత్రం తప్పొద్దు. అరచేతులు కాలేది గప్పుడే. ఉరికేటప్పుడు హ్యామ్‌స్ట్రింగ్ చేసేది ఈ రెండో తీరు పని. గాలిల ఉన్న కాలు జోరుగ ముంగటికి వస్తది, మోకాలు సాగుతది, పాదం నేలకు ఆనుతందుకు ఇంక లిప్తపాటు ఉంటది. ఆ లిప్తల ఈ కండ ఒకదిక్కు సాగుకుంట, ఇంకోదిక్కు కాలుకు బ్రేకు వేయాలె. ఎంత జోరుగ ఉరికితే అంత బ్రేకు. 80 శాతం స్పీడు నుంచి 100 శాతంకు పోయేటప్పుడు మనకు కనపడే తేడా కొంచమే. కండ మీద పడే బరువు మాత్రం దానికంటే ఎన్నో రెట్లు పెరుగుతది. రోజూ మెల్లగ ఐదు కిలోమీటర్లు ఉరికెటోడు కూడా ఒక్క స్ప్రింటుకు తొడ పట్టుకుని కూలబడేది అందుకే.

కాకినాడల పుట్టిన హనుమ విహారి సంగతి యాదికున్నదా? 2021 జనవరి 11న సిడ్నీ టెస్టు ఆఖరి రోజు. సింగిల్ కోసం ఉరికినప్పుడు హ్యామ్‌స్ట్రింగ్ తెగింది. ఆ తర్వాత అశ్విన్‌తోని కలిసి నిలబడి, 161 బాల్స్ ఆడి 23 రన్స్‌తోని నాటౌట్‌గ మ్యాచ్‌ను డ్రా చేసిండు. తెగిన కాలుతోని నిలవొచ్చు, వంగొచ్చు, బాల్ ఆపొచ్చు. ఉరకరాదు. తర్వాతి బ్రిస్బేన్ టెస్టుల ఆయన లేడు. మన టర్ఫ్ హీరోలకు ఈ తేడా అర్థం కావాలె. నడుస్తున్నం అంటే ఉరుకుతం అని కాదు.

ఇది ఎంత పెద్ద బెడదనో యూరప్ లెక్కలు చూస్తే తెలుస్తది. అక్కడి పెద్ద క్లబ్బులల్ల గాయాల లెక్కను స్వీడన్ డాక్టరు యాన్ ఎక్‌స్ట్రాండ్, ఆయన తోటోళ్లు 2001 నుంచి రాస్తున్నరు. మొదటి సీజన్‌ల మొత్తం గాయాలల్ల హ్యామ్‌స్ట్రింగ్‌ది 12 శాతం. 2021-22 సీజన్‌కు వచ్చేసరికి 24 శాతం. ప్రపంచంల ఎవరికీ లేని మిషిన్లు, డాక్టర్లు, మసాజ్ చేసెటోళ్లు ఉన్న క్లబ్బులల్ల కూడా ఇది డబులైంది. ఇంకో లెక్క ఇంతకన్న ముఖ్యం. ఆ గాయాలల్ల 18 శాతం తిరగబడ్డవే. తిరగబడ్డవాటిల మూడిట్ల రెండు వంతులకు పైగ మల్ల ఆటల దిగిన రెండు నెలల లోపే అయినయి. అంటే గాయమైన నాటి కంటే, సక్కగైంది అని మనమనుకున్న నాటి నుంచే అసలు గండం మొదలు.

ఇగ గాయమైన మొదటి రోజుల సంగతి. ఊర్లె అయితే వేడి నూనె పెట్టి గట్టిగ తోముతరు, లేకుంటే కాలు పట్టుకుని సాగదీస్తరు. మొదటి రెండు మూడు రోజులు ఈ రెండూ వద్దు. లోపట నెత్తురు కారుతున్న కండను తోమితే ఇంక కారుతది, తెగిన పోగును గుంజితే ఇంక తెగుతది. బట్టల చుట్టిన ఐస్, మెత్తగ కట్టు, కాలు కొంచెం ఎత్తు మీద పెట్టుడు, గింతే. అట్లని నెల రోజులు మంచం పట్టుడు కూడా తప్పే. డెన్మార్క్‌ల 50 మంది మామూలు ఆటగాళ్ల మీద ఒక పరిశీలన చేసిన్రు, 2017ల అచ్చయింది. తొడ కండనో పిక్క కండనో తెగినోళ్లల్ల కొందరితోని రెండు రోజులకే మెల్లగ కసరత్తు మొదలు పెట్టిచ్చిన్రు. కొందరిని తొమ్మిది రోజులు ఆపిన్రు. తొందరగ మొదలు పెట్టినోళ్లు 62 రోజుల దగ్గర ఆటకు వచ్చిన్రు, ఆగినోళ్లకు 83 రోజులు పట్టింది. వారం రోజులు ఊకె కూసున్నందుకు మూడు వారాలు కట్టుకున్నరన్నట్టు. ఇంకోటి కూడా చూడాలె. వాళ్లు క్లబ్బు ఆటగాళ్లు కాదు, మనసొంటోళ్లు. వాళ్లకే రెండు నెలలు పట్టింది. పన్నెండు రోజులకు పోయిన నేను ఎంత తెలివిగలోన్నో చూడుండ్రి.

డాక్టరు దగ్గరికి తప్పకుండ పోవాల్సిన గుర్తులు కొన్ని ఉన్నయి. టప్పుమని చప్పుడొచ్చి అడుగు వేయరాకపోతే, తొడ ఎనుక నల్లగ కమిలి మోకాలు దాక దిగితే, కూసునే బొక్క దగ్గరనే నొప్పి ఉండి అక్కడ చేతికి గుంటలెక్క తగిలితే, అది కండ కాదు, కండను బొక్కకు కట్టిన నులి ఊడి ఉండొచ్చు. దానికి ఆపరేషన్ కావొచ్చు, ఆలస్యమైతే కష్టమైతది. నడుము నుంచి కిందికి మంట, తిమ్మిరి గుంజితే అది వేరే కథ, తొడది కాదు, ఎన్నుపూసది అయ్యుండొచ్చు.

నేను పోయిన ఒక క్లినిక్‌ల ఏం చేసిన్రంటే, కాలు ఎట్ల కదులుతుందో చూడకముందే పీఆర్పీ ఇంజెక్షన్ల ప్యాకేజీ ముంగట పెట్టిన్రు. మన నెత్తురే తీసి, గిర్రున తిప్పి, అందుల కొంత భాగాన్ని మల్ల కండల పొడుస్తరు. తొందరగ మానుతది అన్నరు. జీతం పడ్డ వారమే, ఒప్పుకున్న. తర్వాత తెలిసింది, నెదర్లాండ్స్‌ల 80 మంది ఆటగాళ్ల మీద దీన్ని పరీక్ష పెట్టి 2014లనే తేల్చిన్రని. సగం మందికి పీఆర్పీ, సగం మందికి వట్టి ఉప్పు నీళ్లు పొడిచిన్రు. రెండు దిక్కులా 42 రోజులకే ఆటకు వచ్చిన్రు. తిరగబడుడు కూడా రెండు దిక్కులా దాదాపు ఒక్కతీరే. చాలామట్టుకు కంపెనీ ఇన్సూరెన్సులు ఆస్పత్రిల పండుకుంటేనే పైసలిస్తయి, ఫిజియోథెరపీకి జేబుల నుంచే పోతది. ఆ జేబుల పైసలు దేనికి పెట్టాల్నో తెలియాలె కదా.

పైసలు తక్కువ, పని ఎక్కువ ఉండే తొవ్వ వేరే ఉన్నది. స్వీడన్‌ల కార్ల్ అస్క్లింగ్ అనే ఆయన 75 మంది పెద్ద స్థాయి ఫుట్‌బాల్ ఆటగాళ్లను రెండు జట్లుగ చేసిండు. ఒక జట్టుకు మామూలు కసరత్తులు. ఇంకో జట్టుకు కండ సాగుకుంటనే బలం పెట్టే కసరత్తులు, అంటే బొక్కెన కిందికి ఇడిచే తీరుయి. మొదటి జట్టు ఆటకు రానీకె సగటున 51 రోజులు పట్టింది, రెండో జట్టుకు 28 రోజులు. 2013ల అచ్చయిన ఈ లెక్క చూసి నేను రెండుసార్లు కండ్లు నలుసుకున్న. ఆ కసరత్తులు ఏమన్న పెద్ద మిషిన్ల మీద చేసినయా అంటే కాదు. ఒకటి, వెల్లకిల పండుకుని తొడను రెండు చేతులతోని నిలువుగ పట్టుకుని మోకాలును మెల్లగ సాపుడు, నొప్పి మొదలయ్యే ముందే ఆపుడు. ఇంకోటి, దెబ్బ తగిలిన కాలు మీద ఒంటికాలు మీద నిలబడి, నాటేసేటప్పుడు వంగినట్టు ముంగటికి వంగి మెల్లగ లేసుడు. మూడోది, గోడ పట్టుకుని, బరువంత ముంగటి కాలు మడమ మీద పెట్టి, ఎనుక కాలును సాక్సు మీద నున్నటి బండ మీద జార్చుడు. గచ్చు బండ, సాక్సు, గోడ. మన ఇంట్ల లేనిది ఏమున్నది ఇందుల?

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్తున్న. కండ మానింది, బలం వచ్చింది, నొప్పి లేదు. మరి ఉరుకుడు?

స్పెయిన్‌ల జుర్డాన్ మెందిగుచియా, ఆయన తోటోళ్లు 28 మంది సెమీ ప్రొఫెషనల్ ఫుట్‌బాలోళ్లను తీసుకున్నరు. 14 మంది ఈ మధ్యనే హ్యామ్‌స్ట్రింగ్ గాయమై ‘ఇగ ఆడొచ్చు’ అనిపిచ్చుకున్నోళ్లు, 14 మంది ఎన్నడూ గాయం కానోళ్లు. అందరిని 50 మీటర్లు ఉన్న బలమంత పెట్టి ఉరికిచ్చి, పోలీసులు రోడ్డు మీద స్పీడు కొలిచే తీరు రాడార్ గన్‌తోని కొలిచిన్రు. ఆడొచ్చు అని ముద్ర పడ్డోళ్లు కూడా గాయం కానోళ్ల కంటే ఎనుకబడే ఉన్నరు. ముఖ్యంగ తగ్గింది నేలను ఎనుకకు నూకి ఒంటిని ముంగటికి తోసే బలం. అరక గుంజేటప్పుడు ఎడ్లు గిట్టలతోని నేలను ఎనుకకు తన్నుతయి చూడు, గా బలం. అది తక్కువుంటే మొదటి పది మీటర్లు బరువైతయి. రెండు నెలలు మామూలుగ ట్రైనింగ్ చేసినంక వాళ్లల్ల 11 మందిని మల్ల కొలిస్తే ఆ బలం, మొదటి అడుగుల జోరు తిరిగొచ్చినయి.

దీన్ని ఎక్‌స్ట్రాండ్ లెక్క పక్కన పెట్టి చూడుండ్రి. తిరగబడే గాయాలల్ల ఎక్కువ మొదటి రెండు నెలల్లనే. నూకే బలం తిరిగొచ్చేది కూడా రెండు నెలలకే. ఒకటి ఇంకోదానికి కారణమని ఈ రెండు లెక్కలే రుజువు చేయవు. కానీ బలం సగం వచ్చిన కాలును పూర మ్యాచ్‌ల దింపుతున్నం అని మాత్రం తెలుస్తున్నది. ఫుట్‌బాల్‌ల ఆట తేల్చేది ఈ మొదటి పది మీటర్లే. టర్ఫ్ మీద అయితే అంతకు మించి జాగనే ఉండదు. ఆగిన కాడి నుంచి లంఘించుడు, ఆగుడు, మల్ల లంఘించుడు. సరిగ్గ ఏ బలం తక్కువుందో దాన్నే అడిగే ఆట ఇది.

అందుకని ఉరుకుడును మందులెక్క మోతాదు పెంచుకుంట పోవాలె. నేను రెండోసారి పట్టిన తొవ్వ చెప్త. గచ్చిబౌలిల ఒక ఫిజియో చెల్లె నాకు నేర్పింది, ఊర్లె స్కూలు గ్రౌండ్ల కూడా చేయొచ్చు. 80 మీటర్ల సీదా జాగ చూసి నాలుగు రాళ్లు పెట్టు. మొదటి 30 మీటర్లు మెల్లగ స్పీడు పెంచు, నడిమి 20 మీటర్లు ఆ స్పీడు పట్టు, ఆఖరి 30 మీటర్లు మెల్లగ తగ్గించు. బ్రేకు వేసే జాగ పెద్దగుంటే కండకు హాయి. ముందుగాల సగం స్పీడు. నొప్పి రాకపోతే, తెల్లారి లేస్తే తొడ బిగుసుకోకపోతే, తర్వాతి సారి కొంచెం ఎక్కువ. 60, 70, 80 శాతం. జోరుగ ఉరికిన తెల్లారి మల్ల జోరుగ ఉరకొద్దు, నడుమ ఒక రోజు ఇడుసు. 80 దాటినంక ఒక్కో మెట్టు చిన్నగ ఎక్కు. ఎందుకో పైన చెప్పిన, బరువు పెరిగేది అక్కడనే. ఆ తర్వాత స్పీడు పెంచే జాగను 30 నుంచి 20కి, 20 నుంచి 10కి కుదిచ్చు. ఇగ ఆఖరికి నిలబడ్డ కాడి నుంచే లంఘించుడు, మూలమలుపులు, బాల్‌తోని ఉరుకుడు, ఎవడన్న పక్కన తరుముతుంటే ఉరుకుడు.

చాలమంది 80 దాక వచ్చి ఆగుతరు. మెల్లగ ఉరికితే నొప్పి లేదు కదా, మ్యాచ్‌ల చూసుకుందాం అంటరు. గాయం తిరగబడేది సరిగ్గ వీళ్లకే. నూటికి నూరు స్పీడును కండ ముందుగాల ప్రాక్టీసుల చూడాలె, ఆ తర్వాతనే మ్యాచ్‌ల చూడాలె. నాలుగు వారాలు 100 చూడని కండకు శనివారం రాత్రి పది గంటలకు ఒక్కసారి 100 చూపిస్తే అది ఏం చేయాలె?

నూకే బలం కోసం ఊర్లె మస్తు సామాను ఉన్నది. పాత టైరుకు తాడు కట్టి, నడుముకు బెల్టు లెక్క చుట్టుకుని, ముంగటికి వంగి 15, 20 మీటర్లు గుంజుడు. పెద్ద క్లబ్బులోళ్లు ఇనుప బండి గుంజుతరు, దానికీ దీనికీ పెద్ద తేడా లేదు. చెరువు కట్ట ఎక్కుకుంట ఉరుకుడు కూడా ఇదే తీరు పని, పైగ మిట్ట మీద కాలు ఎక్కువ సాగదు కాబట్టి తొడకు కూడా జర నెమ్మది.

బలం కోసం ఇంకొక కసరత్తు ఉన్నది, నార్డిక్. మోకాళ్ల మీద నిలబడు. దోస్తుగాన్ని ఎనుక కూసుండి నీ మడమలు గట్టిగ పట్టుకోమను. నడుము వంచకుండ, చెట్టు ఒరిగినట్టు ముంగటికి మెల్లగ ఒరుగు. ఇగ పట్టలేను అన్నప్పుడు చేతులు నేలకు ఆనిచ్చు. చూస్తే ఏం లేదనిపిస్తది, రెండోనాడు లెట్రిన్ల కూసునేటప్పుడు తెలుస్తది. డెన్మార్క్‌ల 50 టీములు, 942 మంది ఆటగాళ్ల మీద దీన్ని పరీక్షించి 2011ల అచ్చేసిన్రు. చేయనోళ్ల టీములల్ల సీజన్‌కు 52 హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు, చేసినోళ్లల్ల 15. మొదటి వారం ఒక్కరోజే, ఐదేసి రెండుసార్లు. రెండో వారం రెండు రోజులు. మూడో వారం నుంచి వారానికి మూడు రోజులు, మెల్లగ పెంచుకుంట. పది వారాలల్ల మొత్తం 27 సార్లు. ఇది గాయం కాకుండ చూసుకునేతందుకు చేసేది. గాయమైన కొత్తల మాత్రం దీని జోలికి పోవద్దు, కండకు కొంత బలం వచ్చినంక మొదలు పెట్టాలె.

తారీఖు చూసి కాదు, కాలును చూసి ఆటకు పోవాలె అనెటందుకు ఇంకో లెక్క చెప్త. మెందిగుచియా వాళ్లే 2017ల 48 మంది ఫుట్‌బాలోళ్లను రెండు జట్లు చేసిన్రు. ఒక జట్టుకు అందరికీ ఒక్కతీరు పద్ధతి. ఇంకో జట్టుల ఒక్కొక్కని కాలు ఎట్లున్నదో కొలిచి, ఆ మెట్టు దాటితేనే తర్వాతి మెట్టు. మొదటి జట్టు సగటున 23 రోజులకు ఆటకు వచ్చింది, రెండోది 25 రోజులకు. ఆర్నెల్లల్ల మొదటి జట్టుల ఆరుగురికి తిరగబడింది, రెండో జట్టుల ఒక్కనికి. రెండు రోజులు ఆగినందుకు ఐదుగురి కాళ్లు బతికినయి.

రెండు రోజులు ఆగుడు ఎందుకంత కష్టమో నాకు తెలుసు. టర్ఫ్ బుక్ అయ్యుంటది. నువ్వు రాకపోతే తొమ్మిదిమందే అయితరు. గ్రూపుల ‘ఏందిరా, ఇంక నొప్పేనా’ అని మెసేజ్ పెడ్తరు. ఊర్లె అయితే మండల టోర్నమెంటు ఉంటది, సర్పంచి కప్పు ఉంటది, మా టీముకు నువ్వే దిక్కు అంటరు. పెద్దోళ్లు కూడా ఈ ఒత్తిడి కింద పడ్డోళ్లే. ఇంగ్లండ్ ఆటగాడు మైకేల్ ఓవెన్‌కు 1999 ఏప్రిల్‌ల, 19 ఏండ్ల వయసుల లీడ్స్ మీద ఆడుకుంట హ్యామ్‌స్ట్రింగ్ తెగింది. ఆ తర్వాత కూడా గోల్స్ కొట్టిండు, 2001ల యూరప్ మేటి ఆటగాడు అవార్డు తీసుకున్నడు. కానీ ఆ నాటి నుంచి తన జోరు ముందటి లెక్క లేదని ఆయనే చెప్పుకున్నడు. ఉసేన్ బోల్ట్ ఆఖరి పరుగు, 2017ల లండన్ రిలే, తొడ పట్టుకుని ట్రాక్ మీద కూలబడుడుతోనే అయిపోయింది.

అలసట కూడా ఒక శత్రువే. ఇంగ్లండ్ లీగుల గాయాల లెక్క 2004ల వచ్చింది. మ్యాచ్‌లల్ల అయిన హ్యామ్‌స్ట్రింగ్ గాయాలల్ల 47 శాతం ఏదో ఒక హాఫ్ ఆఖరి మూడో వంతుల అయినవే. 2024 డిసెంబర్ 31న మన గచ్చిబౌలి స్టేడియంల సంతోష్ ట్రోఫీ ఫైనల్ చూసినోళ్లకు యాదికుంటది. బెంగాల్, కేరళ 0-0 మీద ఉండంగ, ఎక్‌స్ట్రా ఇచ్చిన నిమిషాలల్ల రాబీ హంస్దా కొట్టిన గోల్‌తోని బెంగాల్ గెలిచింది. ఆట తేలేది ఆఖర్ననే, కండ అలిసేది కూడా ఆఖర్ననే. గాయం నుంచి వచ్చినోడు మొదటి మ్యాచ్ పూర ఆడొద్దు అనేది అందుకే. మొదటి వారం పదిహేను నిమిషాలు, తర్వాతి వారం ఇరవై ఐదు. టర్ఫ్ మీద సబ్‌స్టిట్యూట్‌ను పెట్టుకుంటే కిరాయి కూడా ఇంకొకడు పంచుకుంటడు.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్తది కాదు. సిటీ పోలీసు టీము 1950 నుంచి 54 దాక వరుసగ ఐదేండ్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీం సాబ్ శిక్షణల ఇండియా 1956 ఒలింపిక్స్‌ల నాలుగో స్థానం, 1962 ఏషియన్ గేమ్స్‌ల గోల్డ్ కొట్టింది. గచ్చిబౌలిల ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022ల ఐఎస్ఎల్ కప్ తెచ్చింది, 2025ల ఆ టీము ఢిల్లీకి పోయింది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి పోయిన గుగులోత్ సౌమ్య క్రొయేషియాల డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. మన దగ్గర ఆడెటోళ్లకు కొదువ లేదు. కొదువున్నది ఎక్కడంటే, మండల కేంద్రంల కాలు చూసి ‘నువ్వు ఇయ్యాల 70 శాతమే ఉరుకు’ అని చెప్పే మనిషి దగ్గర. ఊర్లల్ల ఓపెన్ జిమ్ములు పెట్టిన్రు, గ్రౌండ్లకు బోర్డులు పెట్టిన్రు. నియోజకవర్గానికి ఒక ఫిజియోను సర్కారు దవాఖానల కూసోవెట్టి, వారానికి ఒక రోజు గ్రౌండ్లకు పంపితే, కానిస్టేబుల్ ప్రాక్టీసుల కాలు పోగొట్టుకునే పోరగాండ్లు, పోరిలు తగ్గుతరు. అంతదాక మనకు దొరికే డాక్టరు మన ఫోనే.

ఫోన్‌ల స్లో మోషన్ ఉంటది కదా. కాలు మంచిగున్నప్పుడే 10 మీటర్లు, 30 మీటర్లు టేపుతోని కొలిచి రాళ్లు పెట్టి, దోస్తును వీడియో తీయమను. నిలబడ్డ కాడి నుంచి మొదటి రాయి దాటుతందుకు ఎంత పట్టిందో రాసి పెట్టుకో. గాయమైతే అదే నీ కొలబద్ద. ఇంకోటి, వెల్లకిల పండుకుని మడమ కుర్చీ మీద పెట్టి, ఒంటికాలుతోని నడుము లేపుడు దింపుడు. మంచి కాలుతోని ఎన్ని వస్తయో దెబ్బ కాలుతోని కూడా దాదాపు అన్ని రావాలె.

మొన్న పండుగకు ఊరికి పోతే మా చిన్నాయన కొడుకు ఇదే నొప్పితోని ఉన్నడు. కానిస్టేబుల్‌కు తయారైతున్నడు, సాయంత్రం ఫుట్‌బాల్ ఆడ్తడు. మూడు వారాలైంది. ‘అన్నా, నొప్పి లేదు, రేపు మ్యాచ్‌కు పోవాల్నా’ అని అడిగిండు. పాత వీడియో ఉన్నదారా అంటే ఉన్నదన్నడు. స్కూలు గ్రౌండ్ల రాళ్లు పెట్టినం. మెల్లమెల్లగ స్పీడు పెంచుకుంట చూస్తే ఎనభై దాక ఏ నొప్పీ లేదు. ఇగ మల్ల నిలబడ్డ కాడి నుంచి పది మీటర్లు, ఆ స్పీడుకే ఉరుకుమన్న. అప్పుడు 1.9 సెకండ్లు, ఇప్పుడు 2.2. ఫోన్ మల్లమల్ల చూసిండు, రాళ్లు సరిగ్గ పెట్టినమా అని టేపుతోని ఇంకోసారి కొలిచిండు. జాగ సరిగ్గనే ఉన్నది. పూర బలం పెట్టలే కదా అని నాతోని లొల్లి పెట్టుకున్నడు. పూర బలం పెడితే తొడ ఏమంటదో తెలుసా అంటే సప్పుడు చేయలే. జర సేపైనంక మా బాపు ట్రాక్టరు షెడ్డుల పాత టైరు ఉన్నదా అని అడిగిండు.